వేడి దిగింది

మా బళ్ళారి జిల్లాలో ఎన్ని భాషలున్నా, రోగం దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట. తెలుగువాళ్ళు వేడి అంటారు, కన్నడిగులు ఉష్ణ అంటారు, కౌల్ బజార్ దుకాణాల్లో గర్మీ అంటారు. కళ్ళు మండితే వేడి, నోరు పూస్తే వేడి, మడమలు పగిలితే వేడి, పరీక్ష తప్పిన పిల్లకు తలలో వేడి. రాళ్ళ గుట్టల మధ్య కాగే ఊరు కాబట్టి ఆ మాటను పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. కానీ అది వింటే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మండడాన్ని కూడా మా అమ్మ వేడి అనే అంటుంది, ఏం చేస్తాం.

నేను ఫిజియోథెరపీ చదువు ముగించి కౌల్ బజార్‌లో ఒక ఎముకల డాక్టరు గారి క్లినిక్కులో చేరేనాటికి గనుల జోరు బాగా అందుకుంది. సండూరు కొండల్లో తవ్విన ఖనిజం టిప్పర్లకెక్కి తెంపు లేకుండా రోడ్ల మీద పోతుండేది. రోడ్లు ఎర్రన, చెట్లు ఎర్రన, ఉతికి ఆరేసిన దుప్పట్లు ఎర్రన. మా ఊరు రూపనగుడి చుట్టుపక్కల పత్తీ మిరపా పండించుకునే రైతులు చాలామంది చేలు గుత్తకిచ్చి లారీల్లోకి దిగారు. కలిగినవాళ్ళు ఓనర్లయ్యారు, లేనివాళ్ళు డ్రైవర్లయ్యారు. ఆ డ్రైవర్ల నడుములన్నీ చివరికి మా క్లినిక్కుకే వచ్చేవి.

మేం చేసే వైద్యానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'కరెంటు పెట్టించుకోవడం'. నొప్పి తగ్గించే చిన్న మిషను ఒకటుండేది. దాని తీగలు నడుముకు అంటిస్తే చీమలు పాకినట్టు ఉంటుంది, హాయిగా ఉంటుంది. నేను ఎన్ని వ్యాయామాలు నేర్పినా, సీట్లో ఎలా కూర్చోవాలో ఎంత మొత్తుకున్నా, వాళ్ళ దృష్టిలో నేను కరెంటు మేడాన్ని. "కసరత్తు సాకు మేడం, కరెంటే ఒక రవ్వ ఎక్కువ పెట్టండి" అనేవాళ్ళు. సాకు అంటే కన్నడంలో ఇక చాలని. నాకు తిక్క రేగేది. "కరెంటే కావాలంటే పోయి స్తంభం పట్టుకోప్పా, ఈడికెందుకొచ్చినావు?" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నా నోటి దురుసు ఆ వీధి మొత్తానికి తెలుసు.

ఆ రోజుల్లోనే నేనూ, నాతో పనిచేసే ఒక కన్నడ అమ్మాయీ గల్ఫ్‌లో ఉద్యోగానికి కావలసిన లైసెన్సు పరీక్షకు చదువుతున్నాం. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, రోగుల్ని పడుకోబెట్టే బల్ల మీదే కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునేవాళ్ళం. ఆ పరీక్ష తమాషా ఏమిటంటే, చదివింది అప్పజెప్పమనదు. ఒక మనిషిని తెచ్చి మన ముందు నిలబెడుతుంది. ఇంత వయసు, ఈ పని, ఇక్కడ నొప్పి. కింద నాలుగు జవాబులు. నాలుగూ మంచివే, నాలుగూ చేయదగినవే. వాటిలో ఏది ముందు చేస్తావన్నదే ప్రశ్న. మొదట్లో ఇద్దరం బోల్తా పడేవాళ్ళం. ఎదురుగా ఒకడు నొప్పి అంటుంటే చేయి ఊరికే ఉండదు కదా, నొప్పి తగ్గించేదాని మీదికే పోతుంది. కానీ ముందు తేల్చుకోవలసింది అది కాదు. ఈ మనిషి మన చేతి వైద్యానికి తగినవాడా, లేక మనం ముట్టుకోకుండా వెంటనే సర్జన్ దగ్గరికి పంపవలసినవాడా అన్నది ముందు.

నడుము నొప్పిలో అలా పంపవలసింది ఒకటుంది. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు జారి, కిందికి దిగే నరాల కట్టనంతటినీ నొక్కేస్తుంది. అప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, కూర్చునే చోట స్పర్శ పోతుంది, మూత్రం ఆగిపోతుంది. ఈ మూడు కనబడ్డాయంటే ఇక కరెంటు లేదు, కసరత్తు లేదు, ఆపరేషనే. ఎంత ఆలస్యమైతే అంత నష్టం. చచ్చిన నరం మళ్ళీ లేచి రాదు. ఈ ఒక్క సంగతీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం మేమిద్దరం.

మా అన్న టిప్పరు నడిపేవాడు. నాకంటే చాలా పెద్ద. నాన్న పోయాక ఇంటిని మోసింది అన్నే. నేను చదువు ముగించి జీతం తెచ్చుకుంటున్నా, అన్నకు నేను 'పాపా'నే. ఇంట్లో ఉంటే అన్నకు మాటలు రావు. తిన్నావా అంటే ఊఁ, పోతున్నావా అంటే ఊఁ. అదే బండి ఎక్కితే వేరే మనిషి. ఒకసారి సెలవు రోజున నన్ను కూర్చోబెట్టుకుని బండ్రి దాకా తీసుకుపోయాడు, ఓనరు ఇల్లు అక్కడే. దారి పొడుగునా నోరు మూయలేదు. ఏ మలుపులో ఏ హోటలు దోసె బాగుంటుంది, ఏ బండి నడిపేవాడు పిరికివాడు, ఏ గుంత ఎప్పుడు పడింది, అన్నీ చెప్పాడు. "నాకు ఇదే సాలు పాపా. ఆఫీసరుద్యోగం ఇచ్చినా పోను" అన్నాడు. అన్నకు లోకంలో అంతకంటే కావలసింది ఏమీ లేదని నాకు అప్పుడే తెలిసింది.

అలాంటి అన్న ఒకరోజు నడుము పట్టుకుని వంకరగా నడుస్తూ మా క్లినిక్కుకు వచ్చాడు. కుడి కాలు పిక్క దాకా లాగుతోందన్నాడు. పడుకోబెట్టి చూశాను. కాలి బలం బాగానే ఉంది. వేళ్ళు ఎత్తుతున్నాడు, మడమల మీద నడుస్తున్నాడు. ఇక అడగవలసినవి మిగిలాయి. ఏ డ్రైవరొచ్చినా గడగడా అడిగేసే నేను, ఆ రోజు గొంతు సవరించుకున్నాను.

"అన్నా, ఒంటికి సరిగ్గా పోతాండావా?"

ఒంటికి అంటే మూత్రానికి. బడిలో వేలు చూపించి అడిగిన మాటే మాకు జీవితాంతం నిలుస్తుంది.

అన్న ముఖం జేవురించింది. "ఏంది పాపా అది? అన్నను అడిగే మాటనా?"

"ఈడ అన్నా లేడు, చెల్లెలూ లేదు. అడిగినదానికి చెప్పు. కూర్చునేకాడ మొద్దుబారినట్ల ఏమన్నా ఉండాదా?"

"దినమంతా ఇంజను పక్కన కూర్చునేటోనికి యాడ మొద్దుబారదు? ఏమీ లేదు, అంతా బాగుండాది. నీ కరెంటేదో పెట్టి పంపీ."

నేను ఊరుకోలేదు. కట్లు కట్టే మగమనిషిని లోపలికి పంపి మళ్ళీ అడిగించాను. ఆయనతోనూ అదే మాట, అంతా బాగుంది. డాక్టరు గారు మందులు రాసి, బండి ఎక్కకుండా విశ్రాంతి తీసుకోమన్నారు. పోయేటప్పుడు నేను గుమ్మంలో అడ్డం నిలబడి, "నవ్వులాట కాదన్నా. ఒంటికి ఆగినా, కూర్చునేకాడ తెలీకపోయినా, ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యి. బండి యాడుంటే ఆడ్నే వదిలిపెట్టి రా" అన్నాను. "అట్లే తల్లీ, దారి ఇయ్యి" అని నా నెత్తి మీద ఒకటి మెల్లగా మొట్టి పోయాడు.

విశ్రాంతి అన్నది అన్న ఒక్కపూట తీసుకున్నాడని తర్వాత తెలిసింది. లోడు పడితే డ్రైవరు ఆగడు, అది ఆ కాలం తీరు.

ఆ ఆదివారం నేను బస్సెక్కి రూపనగుడి పోయాను. చెప్పులు విడుస్తుంటేనే ఆముదం వాసన కొట్టింది. లోపల అన్న మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మాడు మీద ఆముదం, బొడ్డులో ఆముదం. అమ్మ సబ్జా గింజలు నానబెట్టిన నీళ్ళు కలుపుతోంది. వదిన పల్లేరు కాయల కషాయం వడగడుతోంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలే పాపా, భయపడొద్దు. మీయన్నకు వేడి చేసింది" అంది వదిన. "ఆ ఇంజను సెగకు ఒంట్లో నీళ్ళన్నీ ఇంకిపోయినాయి. నిన్న పొద్దుటాల నుంచి ఒంటికి పోలే. బొట్లు బొట్లు వస్తాందంట."

"చెంబులు చెంబులు మజ్జిగ పోస్తానే ఉండా" అంది అమ్మ, ఎంతో మంచి పని చేస్తున్నట్టు. "బార్లీ నీళ్ళు పోసినా, లేత టెంకాయ కొట్టి ఎళనీరు తాపినా. వేడి దిగాలంటే కడుపులోకి చల్లగా పడాల కదా."

నేను సంచీ కింద పారేసి అన్న చొక్కా ఎత్తాను. పొత్తికడుపు ఉబ్బి రాయిలా ఉంది. బయటికి రాని మనిషికి వీళ్ళు లోపలికి పోస్తూనే ఉన్నారు. అయ్యో దేవుడా అనుకున్నాను. గోటితో తొడ వెనక గీరాను. తెలియలేదు. ఇంకా పైన గీరాను. తెలియలేదు.

"ఎప్పటినుంచి?" అని అరిచాను.

అన్న గోడవైపు తిరిగి చెప్పాడు. "మొన్న సీట్లో కూర్చున్నానో గాల్లో ఉండానో తెలీలే పాపా. సీటు పాతదయిందేమోనని కింద దిండు వేసుకున్నా."

"మొన్ననా! ఆ నిమిషమే ఫోన్ చెయ్యమని మొత్తుకోలేదా నేను?"

"ఆ మాట ఫోన్లో చెల్లెలికి ఎట్ల చెప్పేదే?" అన్నాడు.

నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. అన్న అబద్ధాలాడే మనిషి కాడు. క్లినిక్కుకు వచ్చిన రోజే ధార సన్నబడిందని, దాన్ని వేడి అనుకున్నాడని, వేడి రోగం కాదు కాబట్టి చెప్పనవసరం లేదనుకున్నాడని తర్వాత వదినతో అన్నాడట. ఎండలో, ఇంజను సెగలో, గంటల తరబడి ఒకే సీట్లో కూర్చునేవాడికి మూత్రం మండడమూ మామూలే, పిర్రలు మొద్దుబారడమూ మామూలే. ప్రాణం తోడేసే గుర్తులు రెండూ అన్నకు తన పనిలో భాగంగానే కనబడ్డాయి. పుస్తకం రాసినవాడు టిప్పరు ఎక్కలేదు, టిప్పరు ఎక్కినవాడు పుస్తకం చదవలేదు. ఎవర్ని తిట్టాలి నేను?

ఇంట్లో అందర్నీ తిట్టాను. జీపు మాట్లాడమన్నాను. ఇంటి నిండా జనం చేరారు. ఆపరేషన్ అనే మాట నా నోట విన్న వెంటనే మా పెదనాయన అడ్డుపడ్డాడు. "నడుముకు కత్తి తగిలితే కాళ్ళు పడిపోతాయి. వేడికి కత్తేంది? ఏ ఊరి చదువమ్మా ఇది?" అన్నాడు. "కత్తి తగలకపోతేనే పడిపోతాయి పెదనాయనా, పక్కకు జరుగు" అన్నాను. ఆయన జీవితంలో ఏ ఆడపిల్లా ఆయనను పక్కకు జరగమని ఉండదు. జరిగాడు.

జీపులో అన్నను వెనక సీటులో పడుకోబెట్టాం. బళ్ళారి రోడ్డు మీద ఖనిజం బండ్లు వరసగా నిలిచిపోయి ఉన్నాయి. మా జీపు వాటి పక్కనుంచి మట్టిలో దిగి ఎక్కి, ఎక్కి దిగి పోతుంటే, ప్రతి కుదుపుకూ నా ప్రాణం పోతోంది. అన్న మాత్రం నొప్పిలోనూ తల ఎత్తి అద్దంలోంచి చూస్తున్నాడు, ఎవరి బండి ముందుందోనని.

ఆస్పత్రిలో అన్నకు ముందు పైపు వేశారు. మూత్రం దిగింది. సంచీ నిండింది, మార్చారు, మళ్ళీ నిండింది. అన్న ముఖం విప్పారింది. రెండు రోజులుగా బిగుసుకున్న దవడ వదులైంది. నా చేయి పట్టుకుని పిల్లాడిలా నవ్వాడు.

"చూస్తివా పాపా, వేడి దిగింది."

అమ్మ నర్సుకు దండం పెట్టింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, సంతోషంతో. పెదనాయన నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆయన గెలిచాడు. వేడి అన్నారు, దించారు, దిగింది. కళ్ళెదుట సంచీలో కనబడుతోంది. ఇంకేం కావాలి వాళ్ళకు? "ఆయ్తు, ఇంగ ఇంటికి పోదాం పాండి" అన్నాడు. ఆయ్తు అంటే కన్నడంలో అయిపోయిందని.

అయిపోలేదని చెప్పడానికి నా చదువంతా చాలలేదు. డ్యూటీ డాక్టరూ నా మాటే చెప్పాడు. వెంటనే స్కాన్ తీయించండి, పెద్ద ఊరికి తీసుకుపోండి, వెన్నుకు ఆపరేషన్ చేసే సర్జన్ ఇవాళ ఇక్కడ లేడు అన్నాడు. వాళ్ళ చెవికెక్కలేదు. నేను అన్న మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలాను. బతిమాలడం నాకు చేతగాదు, అయినా బతిమాలాను. "అన్నా, రోగం ఆడ లేదు. రోగం నడుములో ఉండాది. పైపు వేసినందుకు నరం బాగుపడదు. నా మాట విను, నీకు పుణ్యముంటాది."

"రేపు పొద్దున లోడుండాది పాపా. ఓనరుకు మాట ఇచ్చినా. పైపుతో ఒక్కదినం చూద్దాం, తగ్గకపోతే నువ్వు చెప్పినట్లే చేద్దాం" అన్నాడు. నొప్పి తగ్గిన మనిషిని భయపెట్టడం ఎవరి వల్లా కాదు. రోగి వద్దంటే వద్దు, ఒళ్ళు అతనిది, నిర్ణయం అతనిది అని మాకు కాలేజీలో నేర్పారు. ఆ పాఠం నాకు బాగా నచ్చి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రోజు సంతకం చేసి అన్న జీపెక్కుతుంటే, ఆ పాఠం చెప్పినవాళ్ళనందర్నీ నోరారా శాపాలు పెట్టాను.

మర్నాడు తెల్లవారాక అన్నే నాకు ఫోన్ చేశాడు. గొంతు వేరేగా ఉంది. "పాపా, మంచం దిగి రెండడుగులు వేసి పడిపోయినా. కుడి పాదం నా మాట వినలే. నువ్వు యాడికంటే ఆడికి వస్తా" అన్నాడు.

బెంగళూరులో ఆపరేషన్ జరిగింది. సర్జన్ ముభావి, కానీ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. కాళ్ళు కొంత వస్తాయి, నడుస్తాడు. మిగతాది నేను చెప్పలేను. నిన్ననే తెచ్చి ఉంటే మాట వేరు, మొన్ననే తెచ్చి ఉంటే ఇంకా వేరు అన్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఏం లాభం? మజ్జిగ మీద కోపపడనా? పల్లేరు కాయల మీద పడనా? ప్రేమగా పోశారు తల్లీ పెళ్ళామూ.

తర్వాతి నెలలన్నీ నాకు ఒకటే పనిగా గడిచాయి. పొద్దున క్లినిక్కు, సాయంత్రం బస్సెక్కి రూపనగుడి. అన్నను కూర్చోబెట్టడం, నిలబెట్టడం, గోడ పట్టుకుని నడిపించడం. కుడి పాదం కిందికి వేలాడకుండా చెప్పులో పెట్టుకునే ప్లాస్టిక్ పట్టీ చేయించాను. మూత్రానికి తనే పైపు పెట్టుకుని తీసుకోవడం ఆస్పత్రిలో మగ నర్సు ఒకాయన నేర్పించాడు. అది ఇక మానలేదు. రోజూ అడగవలసినవన్నీ రోజూ అడిగేదాన్ని. అన్న తలొంచుకోకుండా జవాబిచ్చేవాడు. మా ఇద్దరి మధ్యా ఆ సిగ్గు పూర్తిగా పోయింది. అది పోవలసిన రోజున పోలేదు, అంతే నా ఏడుపు.

ఊళ్ళో ఎవరు పలకరించినా, "పాపం, వేడి ఎంత పని చేసిందమ్మా మీయన్నకు!" అనేవాళ్ళు. మొదట్లో ప్రతి ఒక్కరికీ డిస్కు, నరం అని వివరించేదాన్ని. వాళ్ళు శ్రద్ధగా విని, "అదే కదమ్మా, వేడికి నరం కాలిపోయింది" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు నేనూ విసిగి ఊఁ కొట్టేదాన్ని.

అన్న నన్ను రోజూ అడిగేది ఒకటే. "బండి ఎప్పుడెక్కొచ్చు పాపా?" చూద్దాం అనేదాన్ని. చూద్దాం అన్నది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. నరం తిరిగి రావడానికి సమయం పడుతుంది, కొందరికి వస్తుంది కూడా. ఆ కొందరిలో మా అన్న ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు.

మధ్యలో లైసెన్సు పరీక్ష రాసి వచ్చాను. నడుము నొప్పి, మూత్రం రాకపోవడం, ముందు ఏం చేస్తావు అన్న ప్రశ్న అందులో ఉండనే ఉంది. చదవడం ముగియకముందే జవాబు గుర్తు పెట్టాను. పక్కన కూర్చున్న మనిషి చూస్తుందేమోనని కళ్ళు గబుక్కున తుడుచుకున్నాను. ఆ పరీక్షలో రోగికి ఇల్లు ఉండదు. తల్లి చెంబు పట్టుకుని నిలబడదు, పెదనాయన అడ్డం రాడు, రోగి చెల్లెలి ముందు సిగ్గుపడి గోడవైపు తిరగడు. పంపు అని జవాబు పెడితే చాలు, అతను పోతాడు. పరీక్ష పాసయ్యానని కబురొచ్చిన రోజు అన్నే అందరికంటే ఎక్కువ సంతోషించాడు. "మా పాప చెప్పిందంటే ఇంగ తిరుగులే. లైసెన్సు డాక్టరమ్మ" అని వీధంతా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బండ్రి నుంచి ఓనరు అన్నను చూడటానికి వచ్చాడు. మంచివాడే. అన్న బండిని ఇంకొకరికి శాశ్వతంగా ఇవ్వకుండా నిలిపి పెట్టాడు. అన్న ఆయన ముందు పట్టీ తీసేసి ఇంటి ముందు ఇటునుంచి అటు నడిచి చూపించాడు. కాలు ఎత్తి ఎత్తి వేస్తున్నాడని నాకు తెలుస్తోంది, ఆయనకు తెలియడం లేదు. ఓనరు కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు. "నాకేం తెలుస్తాదమ్మా? లోడు బండి. ఊళ్ళలోంచి, పిల్లల మధ్యలోంచి పోవాల. నువ్వు సరే అంటే రేపే తాళాలు ఇస్తా. నువ్వు వద్దంటే ఇయ్యను" అన్నాడు.

ఆయన పోయాక అన్న నా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో మాట్లాడని మనిషి ఆ రోజు మాట్లాడాడు. "మంచంలో పడి ఉండడం నా వల్ల కాదు పాపా. ఇంట్లో నాకేమీ తోచదు. నువ్వు ఊఁ అంటే సాలు."

నేను ఊఁ అనాలనే కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, అంతకంటే ఎక్కువగా నేను జీవితంలో దేన్నీ కోరుకోలేదు. కానీ యాక్సిలరేటరు కుడి కాలిది, బ్రేకు కుడి కాలిది. పాదం పెడలు మీద ఉందో జారిందో పాదానికి తెలియాలి. అందుకని గుండుసూది తీసుకుని నేల మీద కూర్చుని, అన్న పాదాలు రెండూ నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈ పరీక్ష మొదట్నుంచీ అప్పుడప్పుడూ చేస్తున్నదే. రోగి కళ్ళు మూసుకోవాలి. మధ్యమధ్యలో మనం ముట్టుకోకుండానే అడగాలి, అతను ఊహించి చెబుతున్నాడా, తెలిసి చెబుతున్నాడా అని తేల్చుకోవడానికి. ఆ సంగతి రోగికి చెప్పకూడదు.

"కళ్ళు మూసుకో అన్నా. గుచ్చినప్పుడల్లా ఊఁ అను."

ఎడమ పాదం ఎక్కడ ముట్టుకున్నా ఊఁ అన్నాడు. కుడి పాదం పైభాగంలో గుచ్చితే కాస్త ఆగి ఊఁ అన్నాడు. నా గుండె ఎగిరింది. అరికాలి దగ్గరికి వచ్చాను.

"ఇప్పుడు?" అన్నాను.

"ఊఁ."

"ఇప్పుడు?"

"ఊఁ. తెలుస్తాంది పాపా. బాగా తెలుస్తాంది. ముందుకన్నా ఎంతో మేలు."

సూది నా వేళ్ళ మధ్య గాలిలో ఉంది. రెండుసార్లూ నేను ముట్టుకోలేదు. నాకు కళ్ళు కనబడకుండా నీళ్ళొచ్చాయి. అన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు కాబట్టి తుడుచుకునే పని లేకపోయింది.

"అన్నా, నేను ఇంగా ముట్టుకోనేలే" అన్నాను.

అన్న కళ్ళు తెరవలేదు. చేతులు రెండూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"ఇంగొక్కసారి అడుగు పాపా" అన్నాడు. "ఈసారి సరిగ్గా చెప్తా."

సరేనన్నాను. అరికాలి మధ్యలో సూది ఆనించాను. నొక్కాను. చిన్న ఎర్రటి చుక్క బయటికొచ్చేదాకా నొక్కాను. అన్న కళ్ళు బిగించి, ఊపిరి బిగపట్టి, ముఖమంతా దగ్గరికి తెచ్చుకుని ఎదురు చూస్తున్నాడు.

"ఊఁ, కానీ పాపా" అన్నాడు. "గుచ్చు."

"గుచ్చినాను అన్నా" అన్నాను.